రెండు సంఘాలు, ఒక ఇల్లు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక బ్యాంకు మిత్ర చేసిన ప్రసంగం)

అధ్యక్షురాలు గారికి, ఏపీఎం గారికి, సీసీలకి, వీవోఏ అక్కలకి, ఇంత ఎండలో ఆటోలెక్కి వచ్చిన అమ్మలకి, అక్కచెల్లెళ్ళకి అందరికీ వందనాలండి. సభలో నమస్కారం అనాలి, నాకు వందనాలే వచ్చేసింది. మా ఇళ్ళల్లో గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు నోటికొచ్చే మాట అదే.

బ్యాంకు మిత్రగా నీ విజయగాథ చెప్పమ్మా అన్నారు సీసీ గారు. గాథ అనేంత నా దగ్గర లేదండి. ఈ పని మొదలెట్టాక మా ఇంట్లో ఏం జరిగిందో అది చెబుతాను, అందులో పనికొచ్చేది ఏదైనా ఉంటే తీసుకోండి.

మాది నరసాపురానికి దగ్గర, వశిష్ట గోదావరి గట్టు పక్కన ఊరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్య, మూడో తరగతి చదివే పాప, అంగన్‌వాడీకి వెళ్ళే బాబు. మా ఆయన రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. సాయంత్రం ఆరింటికి వెళ్తే పొద్దున్న ఆరింటికి వస్తాడు. కాపలా అంటే మంచం వేసుకుని పడుకోవడం కాదని ఇక్కడ చాలామందికి తెలుసు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వెయ్యాలి, లేదంటే తెల్లారేసరికి గాలి అందక రొయ్య తేలిపోతుంది. మా అత్తయ్య పద్నాలుగేళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసింది. ఆవిడ వేళ్ళ సంగతి తర్వాత చెబుతాను, అది గుర్తుంచుకోండి.

మా ఇంట్లో "సంఘం" అంటే రెండు అర్థాలండి. ఆదివారం వెళ్ళే సంఘం ఒకటి, నెలకి రెండుసార్లు పొదుపు కట్టే సంఘం ఒకటి. "అమ్మ సంఘానికెళ్ళింది" అని మా పాప చెబితే, "ఏ సంఘానికే?" అని అడగాల్సిందే. బైబిలు పెట్టుకునే గూట్లోనే మా గ్రూపు తీర్మానాల పుస్తకం కూడా ఉంటుంది. రెండూ చెదలు పట్టకూడనివే కదా అంటుంది మా అత్తయ్య.

నన్ను పెంచింది మా అమ్మమ్మ. ఆవిడ లేసు అల్లేది. మన నరసాపురం లేసు మిషనరీల కాలంలో, పంతొమ్మిదో శతాబ్దంలో, క్రైస్తవుల ఇళ్ళల్లో మొదలై తర్వాత మిగతా ఇళ్ళకీ పాకింది. 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, కూడా వచ్చింది. అమ్మమ్మ వంట పొయ్యి మీద పెట్టి అల్లేది, కూటంలో కూర్చుని అల్లేది, రాత్రి లాంతరు ముందు పెట్టుకుని అల్లేది. ఏజెంటు వచ్చి ముక్కలు లెక్కపెట్టి, ఒకటో రెండో మురికైందని పక్కన పడేసి, మిగతావాటికి డబ్బులిచ్చేవాడు. అయినా ఎవరైనా "మీ అమ్మమ్మ ఏం చేస్తుంది?" అనడిగితే నేను "ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది" అనేదాన్ని. నేనే అలా అన్నాను. మరియా మీస్ అని ఒక జర్మనీ ఆవిడ 1970ల చివర మన నరసాపురం వచ్చి, ఈ లేసు ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం అచ్చువేశారు. రోజంతా పనిచేసి విదేశాలకి సరుకు పంపే ఆడవాళ్ళని అందరూ ఉత్త గృహిణులే అంటున్నారని ఆవిడ అందులో రాశారు. ఆ సంగతి ఒక శిక్షణలో మేడమ్ గారు చెబితే మా అమ్మమ్మ గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా అమ్మ కువైట్ వెళ్ళింది. పదకొండేళ్ళు ఇంటిపని చేసింది. అక్కడ సెలవు శుక్రవారం, ఆరాధన కూడా శుక్రవారమే పెట్టుకునేవారట. అందుకని అమ్మ గొంతు నాకు శుక్రవారాలే వినబడేది. పక్కింటి ఫోనుకి చేసేది. మూడు నిమిషాలు. "తిన్నావా, చదువుతున్నావా, ప్రార్థన చేసుకుంటున్నావా" ఈ మూడు ప్రశ్నలకే టైమైపోయేది. ఆ డబ్బుతోనే మా ఇంటికి శ్లాబు పడింది, నా ఇంటర్ అయ్యింది. అమ్మ చేసింది తప్పని నేను అననండి. ఈ హాల్లో ఆ పంపిన డబ్బుతో నిలబడ్డ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో.

కరోనా తర్వాత మా ఆయనకి చెరువు పని పోయింది. అప్పుడు నేనూ పాస్‌పోర్టు తీయించాను. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చు అన్నాడు ఏజెంటు. బాబుకి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అదే నెలలో మా వీఓ మీటింగులో బ్యాంకు మిత్ర కావాలి, ఇంటర్ పాసైన సభ్యురాలు ఎవరున్నారు అని అడిగారు. వీవోఏ అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. రెండోసారి చూసింది.

ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. కువైట్ అయితే నెలకింత అని ముందే తెలుసు, ఈ పనికి ఎన్ని లావాదేవీలు చేస్తే అంత కమీషనే. మా ఆయన లెక్క అది, తప్పుడు లెక్క కాదు. చివరికి అత్తయ్యే తేల్చింది. "ఆ పిల్లాడికి అమ్మ అంటే ఫోనే అనుకోవాలా ఏంట్రా?" అంది. నాకు అమ్మ సంగతి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు కదా, తెలిసే ఉంటుంది.

పరీక్ష పాసయ్యాను. తర్వాత పెట్టుబడి. చేతిలో నగదు ఉండాలి, బ్యాంకు దగ్గర ఖాతాలో కొంత వేసి ఉంచాలి. ఇక్కడ ఒక మాట. మాకు కుల ధ్రువీకరణ బీసీ-సీ అని వస్తుంది. తాతల కాలంలో ఎస్సీలం, క్రైస్తవులమయ్యాక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ జాబితాలో ఉండం. అందుకని ఎస్సీ, ఎస్టీ సభ్యులకిచ్చే ఉన్నతి రుణం నాకు రాలేదు. పక్క సందులో నాలాంటి ఇంట్లోనే పుట్టిన నా స్నేహితురాలికి వచ్చింది. ఆ సంగతి తేల్చాల్సింది పెద్ద కోర్టులు, మన సభ కాదు, అయినా చెప్పుకోకుండా ఉండలేను. మా గ్రూపు లోపలి అప్పు కొంత, స్త్రీనిధి కొంత, అమ్మ పుస్తెలతాడు తాకట్టు కొంత. అలా మొదలెట్టాను. మొదటి నెల కమీషన్ 1,840 రూపాయలు. దాంట్లో దశమభాగం 184 రూపాయలు కవర్లో పెట్టి ఆదివారం కానుక సంచిలో వేశాను. మా ఆయన నవ్వాడు, "దేవుడికి కూడా చిల్లరేనా" అని. అప్పటికి వారం రోజులై అతను నవ్వలేదు, అందుకే గుర్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటి పని. పొద్దున్న ఎనిమిదింటికి నా మిషను తెరవాలి. ఉపాధి హామీ కూలికి వెళ్ళేవాళ్ళు అంతకంటే ముందే గుమ్మంలో కూర్చుంటారు. అంటే పిల్లల తిండి, జడలు, టిఫిను డబ్బా, నీళ్ళు పట్టడం అన్నీ ఎనిమిది లోపు. మొదటి రెండు నెలలు మూడున్నరకి లేచాను. కుటుంబ ప్రార్థనలో మోకాళ్ళ మీదే నిద్రపోయాను. ఒకరోజు పాపకి డబ్బాలో అన్నం పెట్టి కూర పెట్టడం మర్చిపోయాను. అది స్కూల్లో ఎవరికీ చెప్పకుండా ఉత్త అన్నం తినేసి వచ్చింది. సాయంత్రం డబ్బా కడుగుతుంటే తెలిసింది.

ఆ రాత్రి మా ఆయన చెరువు దగ్గరికి బయల్దేరుతుంటే, అరవకుండా, ఏడవకుండా, ఒక కాగితం చేతిలో పెట్టాను. మన సంఘంలో సూక్ష్మ రుణ ప్రణాళిక రాస్తాం చూడండి, అలా గీతలు గీసి ఇంట్లో ఏ పని ఏ టైముకి ఎవరు చేస్తున్నారో రాశాను. నా పేరు పద్దెనిమిది చోట్ల ఉంది. అత్తయ్య పేరు ఆరు. ఆయన పేరు రెండు. ఒకటి బజారు, రెండోది గ్యాసు బండ మార్చడం. కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పొద్దున్న వచ్చి స్నానం చేసి, మాట్లాడకుండా పాప జడ వెయ్యడం మొదలెట్టాడు. జడ వంకరగా వచ్చింది. పాప అలాగే వెళ్ళింది.

ఇప్పుడు పొద్దున్న కూర ఆయన పని. చేపల పులుసు నాకంటే బాగా పెడతాడు, ఈ మాట ఇక్కడ అన్నానని ఆయనకి చెప్పకండి. బయటివాళ్ళు అనకుండా ఉంటారా? "రాత్రంతా చెరువు మీద, పొద్దున్న పొయ్యి మీదా" అని రామకోడి కూసినంత టైముగా ఒకాయన రోజూ అనేవాడు. మా స్త్రీల కూటంలో కూడా ఒకావిడ, భర్తకి లోబడి ఉండాలి అని నా వైపు చూసి ప్రార్థన చేసింది. పాస్టరమ్మ గారు ప్రార్థన ముగించాక ఏమీ అనలేదు. మర్నాడు మిషను దగ్గరికి వచ్చి, లైన్లో నిలబడి, డబ్బులు తీసుకుని, అందరూ వినేట్టు "రసీదు ఇవ్వమ్మా" అని వెళ్ళారు. నాకు అది చాలు.

ఆదివారం పెద్ద చిక్కు. కూలివాళ్ళకి ఖాళీ ఆ రోజే. ఆరాధన పదింటి నుంచి ఒంటిగంట దాకా. ఆ రోజు మిషను ముట్టకూడదని అత్తయ్య పట్టు. ఒక ఆదివారం మేం తెల్లచీరలు కట్టుకుని గుమ్మం దిగుతుంటే, మనవడికి విష జ్వరం, నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రెండు వేలు తీసిపెట్టమ్మా అని ఒక ముసలాయన వచ్చాడు. నేను అత్తయ్య మొహం చూశాను. ఆవిడ చెప్పులు విడిచి, లోపలికెళ్ళి మిషను పెట్టె తనే తెచ్చి అరుగు మీద పెట్టింది. గుంటలో పడ్డ ఎద్దుని ఆ రోజే పైకి తియ్యాలిగా అంది. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం రెండున్నర తర్వాతే తెరుస్తాను, ఆసుపత్రి అయితే ఎప్పుడైనా.

నా తప్పు కూడా చెప్పాలండి, లేకపోతే ఇది నిజంగా విజయగాథ అయిపోతుంది. కిందటి డిసెంబరు, క్యారల్స్ రోజులు, రాత్రిళ్ళు నిద్ర లేదు. మా సంఘంలో పెద్దావిడ, చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు పాటలు నేర్పిన ఆవిడ, కూతురి కాన్పుకని 8,000 తియ్యమంది. మిషను తిరుగుతూ తిరుగుతూ పెండింగ్ అని చూపించింది. కాసేపట్లో అయిపోతుందిలే అని నా డబ్బాలోంచి తీసి ఇచ్చేశాను. రాత్రి లెక్క చూసుకుంటే లావాదేవీ ఫెయిల్. డబ్బు ఆవిడ ఖాతాలోకి వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడకి తెలియదు, ఖాతాలో ఉన్నాయి కదా అని ఆసుపత్రి దగ్గర అవీ తీసేసింది. రెండు ఎనిమిది వేలూ ఖర్చయిపోయాయి.

మా ఆయన ఆ రాత్రి ఒకే మాట అన్నాడు: "ఈపాటికి నువ్వు కువైట్లో ఉంటే?" నేను జవాబు చెప్పలేదు. పిల్లల క్రిస్మస్ బట్టలు ఆ ఏడాది కొనలేదు. మా గ్రూపు లోపలి అప్పు ఇచ్చి నా డబ్బా నింపింది. పెద్దావిడ నెలకి అయిదు వందల చొప్పున కడుతోంది. ఇంకా కొంత ఉంది. అడగను. ఆవిడ పాట ఎత్తుకుంటే మాత్రం నా వైపు చూడకుండా పాడుతుంది, అది నాకు బాధ.

అందుకని నా దగ్గరికే కాదు, ఏ బ్యాంకు మిత్ర దగ్గరికి వెళ్ళినా ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి. మిషను సక్సెస్ అని చూపించి రసీదు వచ్చేదాకా డబ్బు చేతులు మారకూడదు, అది మీకూ మంచిది, మాకూ మంచిది. ఒక లావాదేవీలో 10,000 కంటే ఎక్కువ రాదు. మీ ఖాతాలో డబ్బు తగ్గి చేతికి రాకపోతే గాభరా పడి పోట్లాడకండి. అయిదు రోజుల్లోగా తిరిగి జమ చెయ్యాలి, దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలి అని రిజర్వు బ్యాంకు 2019లో నిబంధన పెట్టింది. రసీదు, తేదీ ఉంటే మీ బ్యాంకులో అడగొచ్చు. మళ్ళీ మళ్ళీ వేలు పెట్టమంటే ఎందుకో అడగండి. ఎంత కొట్టారో స్క్రీన్ మీద మీరే చూడండి, చదవడం రాకపోతే చదివే పిల్లని తీసుకురండి.

ఇక వేళ్ళు. రొయ్య తల తీసేవాళ్ళకి, ఐసులో చేతులు పెట్టేవాళ్ళకి, ఊడ్పులు ఊడ్చేవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోతాయి. మిషను "సరిపోలలేదు" అంటుంది. నలుగురిలో అలా అంటే దొంగతనానికి వచ్చినట్టు మొహం చిన్నబోతుంది. మా అత్తయ్యకీ అదే జరిగింది, మొదటిరోజే, కోడలి మిషను దగ్గరే. బొటనవేలే పెట్టాలని లేదు, పది వేళ్ళల్లో ఏది పడినా చాలు. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని, ఎండ తగలనిచోట పెట్టండి. ఏదీ పడకపోతే ఆధార్ కేంద్రానికి వెళ్ళి ముద్రలు మళ్ళీ ఇప్పించుకోవాలి. అత్తయ్యకి ఎడమచేతి ఉంగరం వేలు పడింది. ఆ వేలుకి ఇప్పుడు కొబ్బరినూనె రాస్తుంది రోజూ.

టైమైందని సీసీ గారు చెయ్యి చూపిస్తున్నారు. మిషను నా వేలిముద్రతోనే తెరుచుకుంటుంది, ఇంట్లోవాళ్ళకి అప్పగించి రాకూడదు. అందుకని మూసి, సాయంత్రం నాలుగింటికి తెరుస్తానని బోర్డు రాసి వచ్చాను. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేది ఇవాళ వాళ్ళ నాన్న. నరసాపురం వైపు వెళ్ళే ఆటోలో ఒక సీటు ఉంటే చెప్పండి.