మందునకు లొంగని న్యుమోనియా

బొంరాస్‌పేట వంటి గ్రామములలో బిడ్డకు దగ్గు రాగానే అంగడినుండి రెండు బిళ్లలు తెచ్చి మ్రింగించుట, జ్వరము తగ్గినంతనే మానివేయుట పరిపాటి. జలుబులలో పెక్కింటికి కారణము వైరసు. యాంటీబయాటిక్కులు దానినేమియు చేయజాలవు. అయితే దేహమందలి బాక్టీరియాలలో బలహీనమైనవి చచ్చి మొండివి మిగులును.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపించిన లెడర్లీ ప్రయోగశాలనుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. అటు తరువాత ఇరువదియేండ్లయినను నిండకమునుపే, 1967లో, పెనిసిలిన్‌కు లొంగని న్యుమోకాకస్ ఆస్ట్రేలియాలో బయటపడినది.

మందు పనిచేయక కాలము గడచినకొలది ఊపిరితిత్తి చుట్టునున్న పొరల నడుమ చీము చేరవచ్చును. అప్పుడు ప్రక్కటెముకల సందున గొట్టము వేసి తీయవలసివచ్చును. ఆ గొట్టముతో పడియున్న పసివానిని చూచిన తల్లి మరల అంగడి బిళ్లల జోలికి పోదు.

కావున ముందుగా ఊపిరి లెక్కింపుడు. బిడ్డ ఏడవక నిమ్మళముగా ఉన్నపుడు, నిండు నిమిషముసేపు. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు 50, అటుపై అయిదేండ్లవరకు 40 లేక అంతకు మించినచో వైద్యునికి చూపవలెను. డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు త్రాగకున్నను అర్ధరాత్రియైనను ఆగరాదు. మందు వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను.

2021 నుండి తెలంగాణములో న్యుమోకాకస్ టీకాను 6, 14 వారములకు, 9 నెలలకు ఉచితముగా వేయుచున్నారు. మందులకు లొంగని రకములలో పెక్కింటిని ఆ టీకా అడ్డుకొనును.