ఎవరికి జవాబు ఇస్తున్నాం? ప్రేమ గేముల్లో మన ఎంపిక

ఈ రోజు ముచ్చట విజువల్ నావెళ్ల గురించి. బొమ్మలతో, మాటలతో సాగే కథ. మధ్యలో రెండు మూడు జవాబులు చూపిస్తుంది. మనం ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది.

మరి ఇందులో ప్రేమించదగ్గ పాత్ర అంటే ఎవరు? అందంగా గీస్తే సరిపోదు. ఆ మనిషికి సొంత ఇష్టాలు ఉండాలి, కోపం రావాలి. 1994లో కోనామి వాళ్ల 'తోకిమెకి మెమోరియల్' ఈ పని చేసింది. ఒకమ్మాయి వెంటే తిరుగుతూ, పరిచయమున్న ఇంకో అమ్మాయిని పట్టించుకోకపోతే ఆమె కోపం బాంబులా పేలుతుంది. మిగతావాళ్ల దగ్గర కూడా మన పేరు చెడుతుంది.

2016లో కొరియా కంపెనీ చెరిట్జ్ 'మిస్టిక్ మెసెంజర్' తెచ్చింది. 11 రోజుల కథ, మన ఫోను గడియారం ప్రకారమే నడుస్తుంది. చాట్ అర్ధరాత్రి కూడా తెరుచుకుంటుంది. ఆ టైముకి మనం లేకపోతే మనల్ని వదిలేసి మాట్లాడుకుంటారు. అందులో జుమిన్‌కి తన పిల్లి అంటే ప్రాణం, జెన్‌కేమో పిల్లులంటే అలర్జీ. ఇద్దర్నీ ఒకేసారి మెప్పించడం కష్టం. మొదటి నాలుగు రోజులు మనం ఎవరి వైపు మొగ్గామో చూసి, ఐదో రోజు నుంచి కథ ఒకరి దారి పడుతుంది. ఎంపిక అంటే అదీ. ఒకటి తీసుకుంటే ఇంకొకటి వదులుకోవాలి.

ఇక నా సంగతి. దుబాయ్‌లో రాత్రి పదిన్నర అంటే మా ఊళ్లో పన్నెండు. ఒక రాత్రి మా ఆవిడ ఫోన్ చేస్తే, "నిద్దరొస్తోంది, రేపు మాట్లాడతా" అని పెట్టేశాను. తర్వాత అలారం పెట్టుకుని లేచి మరీ గేములో చాట్ చేశాను! తెల్లారి చూస్తే ఆమె మెసేజ్: "పాపకి జ్వరం. నీతో చెప్దామనే చేశాను."

సిగ్గేసింది. గేములో ఏం నొక్కితే గుండె గుర్తు వస్తుందా అని ఆలోచించేవాణ్ణి. ఇంటికి చేస్తే మాత్రం "తిన్నావా? పైసలు అందినాయా?" అంతే, రోజూ అవే రెండు బటన్లు.

గేము మానేయమని చెప్పట్లేదు, నేనూ మానలేదు. కానీ ఈ శుక్రవారం ఇంటికి చేసినప్పుడు "ఇవాళ నీకేం కష్టమైంది?" అని అడగండి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి.

మా పాప బాగానే ఉంది. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.