కీళ్లనొప్పుల బిళ్ళలు – లాభనష్టాల బేరీజు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. మన జిల్లా కోస్తాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. నా మోకాళ్లూ మీ మోకాళ్లలాంటివే. ఆ చనువుతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ – ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మందులు. వొవెరాన్, బ్రూఫెన్ వంటి పేర్లతో మన ఇళ్లలో ఉండేవి ఇవే. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుకాకుండా ఇవి అడ్డుకుంటాయి. ఈ సంగతి 1971లో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కీలులో వాపును, నొప్పిని పెంచేది ఆ పదార్థాలే. అయితే కడుపు లోపలి పొరను కాపాడేదీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్లు చూసేదీ కూడా అవే. కనుక మోకాలికి మేలు చేసే బిళ్ళ మరొకచోట కీడు చేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

కడుపుకు హాని తగ్గించాలని కొత్తరకం మందులు కనిపెట్టారు. వాటిలో రోఫెకాక్సిబ్ 1999లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. పద్ధెనిమిది నెలలు దాటి వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించడంతో 2004 సెప్టెంబరు 30న కంపెనీయే దానిని ప్రపంచమంతటా ఉపసంహరించుకున్నది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలోనూ నిషేధించారు. కొద్దివారాల వాడకంలో బయటపడని హాని దీర్ఘకాలంలో బయటపడిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

పాత మందులకూ ఈ దోషం లేకపోలేదు. వందలాది పరీక్షల వివరాలను క్రోడీకరించి 2013లో లాన్సెట్ పత్రిక ఒక లెక్క ప్రచురించింది. డైక్లోఫెనాక్‌ను పెద్ద మోతాదులో, అంటే రోజుకు 150 మిల్లీగ్రాములు, వెయ్యిమంది ఒక ఏడాది వాడితే, వాడనివారికంటే అదనంగా సుమారు ముగ్గురికి గుండెపోటువంటి పెద్ద ఆపద వస్తుంది. అందులో ఒకటి ప్రాణాంతకం. అంతకుముందే గుండెజబ్బు ముప్పు ఉన్నవారిలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. నాప్రోక్సెన్‌తో గుండెకు ఆ ముప్పు అంతగా కనిపించలేదు గాని, కడుపులో రక్తస్రావం ముప్పు ఎక్కువ.

వెయ్యికి ముగ్గురంటే భయపడి పారిపోవలసినంతా కాదు, కొట్టిపారేయవలసినంతా కాదు. నొప్పికీ ఒక ఖరీదు ఉన్నది. నడక మానేస్తే బరువు పెరుగుతుంది, షుగరు పెరుగుతుంది, మనిషి మంచానికి అలవాటు పడతాడు. అందుకే బేరీజు వేసుకోవాలంటున్నాను.

మన ప్రాంతానికి సంబంధించి ఒక హెచ్చరిక. మనలో చాలామంది బి.పి.కి రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి బిళ్ళలు వాడుతున్నాం. కొందరికి నీరు తీసే బిళ్ళ కూడా ఉంటుంది. ఈ రెంటికీ తోడు నొప్పి బిళ్ళ చేరితే మూత్రపిండాలపై మూడువైపులనుండి ఒత్తిడి పడుతుంది. రోహిణి కార్తె ఎండలో చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, వాంతులు విరేచనాలైనప్పుడు ఈ ముప్పు రెట్టింపనుకోండి. పైగా నొప్పి బిళ్ళ ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెడుతుంది. ఎండుచేపలు, ఊరగాయ లేనిదే ముద్ద దిగని కోస్తావాళ్లం మనం. బి.పి. ఎందుకు దిగడంలేదో ఒక్కోసారి కారణం ఇక్కడే దొరుకుతుంది.

“గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నాను కదా” అని కౌంటరు దగ్గర చాలామంది అనేవారు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపును చాలావరకు కాపాడతాయి. గుండెను, మూత్రపిండాలను కాపాడవు.

కనుక సభ్యులకు నా విన్నపాలు:

1. తక్కువ మోతాదు, తక్కువ రోజులు. నొప్పి తగ్గగానే ఆపండి. పాత చీటీతో నెలల తరబడి కొనవద్దు.

2. రెండు పేర్లతో ఒకే కుటుంబపు మందు కలిపి వేసుకోవద్దు. అట్టమీద మందు పేరు పిల్లలచేత చదివించుకోండి.

3. గుండెకు చిన్న ఆస్పిరిన్ వాడేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఐబుప్రొఫెన్ దాని పనిని చెడగొట్టవచ్చు.

4. తరచుగా వాడక తప్పనివారు బి.పి., క్రియాటినిన్, హిమోగ్లోబిన్ డాక్టరు చెప్పిన గడువులో చూపించుకోవాలి.

5. మలం నల్లగా తారులా వచ్చినా, కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా బిళ్ళ ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.

6. పొట్లంకట్టి ఇచ్చే పేరులేని బిళ్ళలు వద్దు. వాటిలో స్టెరాయిడు కలిసి ఉండవచ్చు.

నా విషయానికొస్తే, నాకు బి.పి. ఉన్నది. డాక్టరుగారితో మాట్లాడి రోజువారీ బిళ్ళకు బదులు మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటున్నాను. దానిలో రక్తంలో చేరేది చాలా తక్కువ. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి తొడ కండరాలు బిగించే వ్యాయామం రోజూ చేస్తున్నాను. మరీ నొప్పి చేసినప్పుడు మాత్రం రెండు మూడు రోజులు బిళ్ళ. నొప్పి పూర్తిగా పోలేదు. కాని బజారుకు నడిచి వెళ్లి వస్తున్నాను.

ఇది అందరికీ వర్తించే చీటీ కాదు. చేతివేళ్ల కీళ్లు వాచి, పొద్దున గంటసేపు బిగుసుకుపోయే రుమటాయిడ్ జబ్బుకు వేరే మందులున్నాయి. నొప్పి బిళ్ళతో ఆ జబ్బు ఆగదు. ఆలస్యం చేస్తే కీళ్లు వంకరపోతాయి. అటువంటివారు వెంటనే నిపుణులకు చూపించుకోవాలి.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్లమీద పెట్టండి. “వీటిలో ఏది అవసరం, ఎన్నాళ్లు?” అని అడగండి. అడగడం తప్పు కాదు, మన హక్కు.