ఇంటి రౌటరు, ల్యాండ్‌లైన్ ఫోను: కొనేముందు చూసుకోవలసినవి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రౌటరు గురించి నన్ను మాట్లాడమనడం కొంత విడ్డూరమే. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. అయితే రికార్డు రూము తాళం చాలాకాలం నా దగ్గరే ఉండేది. ఈ విషయానికి ఆ అనుభవం పనికొస్తుంది.

ఆఫీసుకు పనిమీద వచ్చినవారిని మనం వరండాలో బల్లమీద కూర్చోబెట్టేవాళ్లం. మంచినీళ్లిచ్చేవాళ్లం. రికార్డు రూములోకి మాత్రం రానిచ్చేవాళ్లం కాదు. ఇంట్లో వైఫై సంగతీ అంతే. పెన్షను ఖాతా చూసుకునే ఫోను, కంప్యూటరు ఒక నెట్‌వర్కులో ఉండాలి. మేడమీద అద్దెకున్నవారు, వచ్చిపోయే చుట్టాలు, టీవీ, గుమ్మం దగ్గరి కెమేరా వేరే నెట్‌వర్కులో ఉండాలి. ఇది చుట్టాలమీద అనుమానం కాదు. వారి ఫోనులో ఏ దొంగ యాప్ దూరిందో వారికే తెలియదు. చవక కెమేరాలకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అన్నీ ఒకేచోట ఉంటే, అందులో ఒకటి దొంగల చేతికి చిక్కినా మిగతావాటి తలుపు తట్టగలదు.

అందుచేత రౌటరులో ‘గెస్ట్ నెట్‌వర్క్’ ఉందా అని అడగండి. ఉందనగానే తృప్తిపడకండి. అతిథులు లోపలి నెట్‌వర్కును చూడకుండా ఆపే సెట్టింగు ఉండాలి, అది ఆన్ చేసి ఉండాలి. పెట్టెమీద డబ్ల్యూపీఏ3, కనీసం డబ్ల్యూపీఏ2 అని రాసి ఉండాలి. యాంటెన్నాల లెక్క దుకాణదారుడు చెప్పే మొదటి మాట, మనకది ఆఖరు మాట. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఫోనులో ఎవరో అడిగితే మనమే ఓటీపీ చెప్పేస్తే ఏ రౌటరూ ఆపలేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఇక ల్యాండ్‌లైన్. మా ఇంటికి ఫైబరు బిగించడానికి వచ్చిన కుర్రాడు, “ఈ రోజుల్లో అది ఎవరు వాడుతున్నారండీ, తీసేద్దాం” అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మంచం పక్కన ఎప్పుడూ ఒకేచోట ఉండే ఫోను విలువ ఆ కుర్రాడికేం తెలుసు?

పాత రాగితీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబరు గాజుతీగ. అందులో వెలుగు వస్తుంది, కరెంటు రాదు. కంపెనీవారు బిగించిన పెట్టె వెనకాల ఉన్న ఫోను సాకెట్టుకు మన ఫోనును తగిలిస్తారు. ఆ పెట్టెకు కరెంటు పోతే ఫోనూ మూగబోతుంది. అర్ధరాత్రి 108కి చేయవలసి వస్తే ఇది చిన్న విషయం కాదు.

కొత్త రౌటరు కొన్నాం కదా అని కంపెనీ పెట్టెను తీసేయకండి. దుకాణంలో దొరికే రౌటర్లలో చాలావాటికి ఫోను సాకెట్టే ఉండదు. పాత పెట్టెను ఉంచి, ఫోనును దానికే వదిలి, దాని వెనక మన రౌటరును కేబులుతో కలపండి. దీనివల్ల వరండా, రికార్డు రూము రెండూ ఏర్పడతాయి. కంపెనీ పెట్టె వైఫై అద్దెవారికీ కెమేరాకూ, లోపలి రౌటరు వైఫై మనకు. బయటివారు తమంతట తాము లోపలికి రాకుండా మన రౌటరు ఆపుతుంది. తారుమారు చేస్తే కుదరదు. లోపలినుంచి బయటి పెట్టెవైపు దారి తెరిచే ఉంటుంది. బిగించేవారు సులువని దానిని ‘యాక్సెస్ పాయింట్’గా పెడితే మధ్య గోడ ఉండదు. ‘రౌటర్ మోడ్’లోనే పెట్టమనండి. రెండు పెట్టెల సెట్టింగుల పాస్‌వర్డులూ మార్పించి డైరీలో రాసుకోండి.

ఇంటికి ఇన్వర్టరు ఉంటే ఆ ప్లగ్గును ఇన్వర్టరు లైనులో కలపమని ఎలక్ట్రీషియనుకు చెప్పండి. లేనివారికి రౌటర్ల కోసం చిన్న యూపీఎస్‌లు అమ్ముతారు. అడాప్టరుమీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే కొనాలి. ఫోను వరకైతే కంపెనీ పెట్టెకు ఉంటే చాలు. బిగించాక ఒకరోజు పగటిపూట మెయిన్ ఆపి, ల్యాండ్‌లైన్ నుంచి మీ సెల్లుకు చేసి చూడండి. 2021 జనవరి 15 నుంచి సెల్లు నంబరుకు ముందు సున్నా నొక్కాలి. మోగితే, బ్యాటరీ ఎన్ని గంటలు నిలిచిందో తేదీతో సహా ఒక చీటీమీద రాసి పెట్టెకు అంటించండి.