గర్భిణులకును బాలెంతలకును తగిన బాడీ
(మదీనాగూడయందు జరిగిన వార్షిక మహాసభలో మహిళావిభాగము తరఫున చేసిన ప్రసంగము)



స్త్రీలకు ఉపయోగపడు ఏదైన నొక విషయమును గుఱించి ప్రసంగింపవలసినదిగా కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. మేము విషయము తెలుపగానే కొందఱు నవ్విరి. మఱికొందఱు "ఇది సభలో మాటలాడదగిన సంగతియా?" యని సంకోచించిరి. గర్భవతియు, పసిబిడ్డకు పాలిచ్చు తల్లియు ధరించు బాడీని గుఱించి నాలుగు మాటలు చెప్పుటయే మా యుద్దేశము. మన పెద్దలు దీనిని బాడీ యనిరి. నేటి యువతులు బ్రా యనుచున్నారు. పేరు పలుకుటకే సిగ్గుపడుటచేత దీనివలన కలుగు బాధలు ఇంటిలో ఎవ్వరికిని తెలియకుండ పోవుచున్నవి.

మనము నేతవారము. భావనాఋషి సంతతివారమని చెప్పుకొను పద్మశాలీలము. లోకమునకు మానము కాపాడు వస్త్రము నిచ్చినవారమని ప్రతి సభలోను గర్వముగా చెప్పుకొనుచున్నాము. ఆ మాట నిజమే. అట్టి మనమే యొక వస్త్రమును గుఱించి మాటలాడ సిగ్గుపడినచో ఇక మాటలాడువా రెవ్వరు?

మొదట మా యింట జరిగినదానిని చెప్పెదము. మా కోడలు హైటెక్ సిటీలోని యొక కార్యాలయమున ఉద్యోగిని. తొలిచూలు. ఏడవ నెలలో సీమంతము ఘనముగా జరిపితిమి. పట్టుచీరలు వచ్చినవి, గాజులు వచ్చినవి, రవికగుడ్డలు ముప్పదికి మించి వచ్చినవి. ఆ రవికగుడ్డలలో సగము ఏ యింట బయలుదేరి, ఎన్ని యిండ్లు తిరిగి మా యిల్లు చేరినవో భగవంతునికే యెఱుక! కాన్పు సుఖముగా జరిగినది. మూడవనాడు పాలు పడినవి. నాలుగవనాటికి రొమ్ములు రాయివలె గట్టిపడి, చనుమొన బిడ్డ నోటికి అందక, బిడ్డ యేడ్పును తల్లి యేడ్పును ఒకటైనవి. ఇక డబ్బాపాలే గతి యని మేము అనుకొనుచుండగా నర్సు వచ్చి చూచి, మొట్టమొదట "ఈ బాడీ ఎప్పటిదమ్మా?" అని అడిగినది. అది పెండ్లినాటిది! భుజములపై పట్టీలు కోసుకొని ఎఱ్ఱని చారలు పడియున్నవి. క్రింది తీగ నొక్కినచోట చర్మము కందియున్నది. దానిని తీసివేయించి, కొంచెము పాలు చేతితో పిండించి మెత్తబఱచి, బిడ్డను తఱచుగా పట్టించి, నడుమ నడుమ చల్లని గుడ్డ వేయించినది. రెండు దినములలో గట్టితనము తగ్గినది. బిడ్డ పాలు కుడిచినాడు.

చీరలకు వేలు వ్యయపఱచిన మేము, ఆ పిల్ల యొంటినంటి యుండు చిన్నగుడ్డను గుఱించి తొమ్మిది నెలలలో ఒక్కనాడైన అడుగలేదు. అది కోడలి తప్పు కాదు, మాది. ఆ తప్పు మఱియొక యింట జరుగకూడదనియే నేడు మీ యెదుట నిలిచితిమి.

ఇట్లేల జరుగునో తెలియుటకు శరీరధర్మమును కొంత యెఱుగవలెను. రొమ్మును పైకెత్తి నిలుపు కండ లోపల లేదు. చర్మమును, లోపలి నారవంటి సన్నని బంధములును మాత్రమే దానిని మోయుచున్నవి. 1840లో వెలువడిన తన గ్రంథమున ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ ఈ బంధములను వర్ణించెను. నేటికిని అవి ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నవి. గర్భము నిలిచిన కొన్ని వారములకే పాలగ్రంథులును నాళములును పెరుగ నారంభించును. సాధారణముగా 200 గ్రాముల వఱకు తూగు రొమ్ము నెలలు నిండునప్పటికి 400 మొదలు 600 గ్రాములును, పాలిచ్చు కాలమున 600 మొదలు 800 గ్రాములును తూగవచ్చునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. కడుపు పెరిగినకొలది ప్రక్కటెముకల గూడును వెడల్పగును. కాన్పు పిమ్మట మరల తగ్గును. పాలు పడిన తరువాత బిడ్డ కుడువక ముందొక పరిమాణము, కుడిచిన పిదప నొక పరిమాణము. ఇట్లు మాఱు శరీరమునకు పెండ్లినాటి కొలత ఎట్లు సరిపడును?

మన అవ్వలకు ఈ చిక్కు లేదు. వారు తొడిగిన ముడిరవికకు కొలత యను మాటయే లేదు. రెండు కొసలను రొమ్ముల క్రింద ముడివేసికొనెడివారు. ఒళ్లు పెరిగినచో ముడి వదులు చేసిరి, తగ్గినచో బిగించిరి. బిడ్డ యేడ్చినచో ముడి విప్పిరి, పైట చాటుండెను. చూలాలి వస్త్రమును, బాలెంత వస్త్రమును అదియే. తరువాత వచ్చిన ముందు హుక్కుల రవికయు పాలిచ్చుటకు అనుకూలమైనదే.

నేటి బాడీ పశ్చిమదేశములనుండి వచ్చినది. 1914లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అను యువతి అమెరికాలో దీనికి పేటెంటు పొందెను. చేతిరుమాళ్లు రెంటిని రిబ్బనుతో కూర్చి ఆమె మొదటిదానిని కుట్టించెనని ప్రసిద్ధి. 1932లో ఎస్. హెచ్. క్యాంప్ అను అమెరికా సంస్థ గిన్నెల పరిమాణమునకు ఏ, బీ, సీ, డీ యను అక్షరములు వాడినది. కొలతలు ఏర్పడుట మేలే. కాని సంఖ్య యేర్పడిన పిదప స్త్రీ తన యొడలిని మఱచి సంఖ్యను గుర్తుంచుకొన నారంభించినది. "నాది ముప్పదినాలుగు" అని ఎన్నడో నేర్చినది, ఒళ్లు మాఱినను ఆ ముప్పదినాలుగునే కొనుచున్నది. మేము చెప్పవలసినదంతయు ఈ యొక్క మాటలో నున్నది: ఆ నెలలోని శరీరమునకు బాడీ సరిపోవలెను గాని, బాడీకి శరీరము సరిపోవలెనని బిగింపరాదు.

ఇక ఎన్నుకొను విధము. మూడవ నెలయందో నాలుగవ నెలయందో పాతది బిగియుచున్నదని తోచినపుడే మొదట క్రొత్తది కొనవలెను. ఎనిమిదవ నెల దాటిన పిదప పాలిచ్చుటకు అనువైనవి రెండు కొనవలెను. కాన్పైన ఆఱు వారములకు పాలు కుదుటబడును. అప్పుడు మరల కొలిచి, కావలసినచో మఱియొకటి కొనవచ్చును. టేపును రొమ్ముల క్రింద చుట్టి యొక కొలతయు, నిండైనచోట చుట్టి యొక కొలతయు తీసి, ఆ రెంటిని అంగడివారి పట్టికతో సరిచూచుకొనవలెను. ఒక్కొక్క తయారీదారుని పట్టిక ఒక్కొక్క తీరుగ నుండును గనుక సంఖ్యను నమ్ముటకంటె తొడిగి చూచుట మేలు.

తొడిగినపుడు చూడవలసినవి నాలుగు. ఒకటి, బరువును ముఖ్యముగా మోయవలసినది క్రింది పట్టీ; భుజపు పట్టీలు కావు. కావున క్రింది పట్టీ వీపున పైకి జరుగక సమముగా నుండవలెను. దాని క్రింద రెండు వ్రేళ్లు దూరవలెను. రెండు, గిన్నె పైనుండి గాని ప్రక్కనుండి గాని రొమ్ము పొంగి రాకూడదు; గిన్నె ముడుతలును పడకూడదు. కాని ఎనిమిదవ నెల దాటి కొనుదాని గిన్నెలో రాబోవు పాలకొఱకు కొంత చోటు విడువవలెను. మూడు, భుజపు పట్టీలు వెడల్పుగ నుండవలెను. విప్పినపుడు చారలు కనబడరాదు. నాలుగు, హుక్కుల వరుసలు మూడో నాలుగో ఉండవలెను. గర్భము ఆరంభమున కొనునది బిగువైన వరుసలో సరిపోవలెను. అప్పుడు ఒళ్లు పెరిగినకొలది వదులు చేసికొనవచ్చును. నెలలు నిండినపుడు కొనునది వదులైన వరుసలో సరిపోవలెను. కాన్పు పిదప గూడు తగ్గినపుడు బిగించుకొనవచ్చును. ఇది మన ముడిరవిక ధర్మమే.

క్రింది గుండ్రని తీగ సరిగ అమరినచో కీడు చేయకపోవచ్చును. కాని దినదినము మాఱు శరీరమున అది ఒకనాడు అమరి, మఱునాడు పాలనాళములపై నొక్కును. కావున ఈ కాలమున తీగలేనిదియే శ్రేయస్కరము.

గుడ్డను గుఱించి నేతవారికి వేఱుగ చెప్పవలెనా? పడుగు పేకలతో నేసిన గుడ్డ ఐమూలగా తప్ప సాగదు. ఉచ్చులుగా అల్లిన గుడ్డ అన్ని వైపుల సాగును. మాఱు శరీరమునకు అల్లిన నూలుగుడ్డయే తగును. సాగి మరల యథాస్థితికి వచ్చుటకై అందు కొంచెము ఎలాస్టేను పోగు కలుపుదురు. 1958లో అమెరికాలో కనిపెట్టబడిన ఈ పోగునే లైక్రా పేరను విందుము. పూర్తిగ కృత్రిమమైన గుడ్డ మన హైదరాబాదు ఎండలలో చెమటను పీల్చక దద్దురులు పుట్టించును. ఒంటిపై నొకటి, ఉతుకులో నొకటి, ఆఱుచు నొకటి, ఇట్లు మూడైన నుండవలెను. రాత్రివేళ ఏదైన కావలయునని తోచినచో హుక్కులు లేని మెత్తనిదానిని ధరింపవచ్చును. అక్కఱలేదని తోచినవారు మానవచ్చును, బలవంతము లేదు.

పాలిచ్చుటకైన బాడీలో గిన్నె పైభాగమున చిన్న కొక్కెముండును. ఒక చేత బిడ్డను పట్టుకొని, రెండవ చేతితోనే విప్పి వేయగలిగినదానినే కొనవలెను. విప్పినపుడు లోపలి చట్రము రొమ్మును ప్రక్కలనుండి నొక్కరాదు. కాఱు పాలను పీల్చుటకు లోపల మెత్తని నూలు ప్యాడ్లు పెట్టుకొనవచ్చును. తడిసినవెంటనే మార్చవలెను, తడి నిలిచినచో చనుమొనలు పగులును, శిలీంధ్రము చేరును.

కొన్ని అపోహలు కూడ గలవు. బాడీ తొడిగినచో పాలు తగ్గునందురు. పాలు ఊరుట బిడ్డ కుడుచుటపై ఆధారపడియున్నది. సరియైన బాడీ దానికి అడ్డు రాదు. బిగువైనది మాత్రము పాలను కట్టివేయగలదు. పాలిచ్చినచో రొమ్ములు జారునందురు. దానికి కారణములు గర్భధారణము, వయస్సు, బరువు మొదలగునవి గాని పాలిచ్చుట కాదు. బాడీవలన పుట్టకురుపు వచ్చునని భయపడువారును కలరు. 2014లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనమున అట్టి సంబంధ మేమియు కనబడలేదు. అయితే రొమ్మున ఒకచోట ఎఱ్ఱబడి, నొప్పితో జ్వరము వచ్చినచో గట్టిగ మర్దించుట తగదు. ఒత్తిడి లేక ఆనించు బాడీ ధరించి, బిడ్డకు పాలు మానక, వైద్యునికి చూపవలెను. తగ్గని గడ్డ ఏది యున్నను ఆలస్యము చేయరాదు.

ఇది ఉద్యోగినులకు మఱింత ముఖ్యము. మియాపురమునకును చందానగరమునకును నడుమనున్న ఈ మదీనాగూడనుండి దినదినము హైటెక్ సిటీకి పోవు తల్లులు మన కులమున నెందఱో కలరు. 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి, మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారముల సెలవు నేర్పఱచిరి. ఏబదిమందియు అంతకు మించియు పనిచేయు సంస్థలలో శిశుసంరక్షణశాల యుండవలెననిరి. బిడ్డకు పదునైదు నెలలు వచ్చువఱకు పాలిచ్చుటకై దినమునకు రెండు విరామములను మొదటి చట్టమే యిచ్చినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియందును ఈ హక్కులు నిలుపబడినవి. ఆఱు నెలలు తల్లిపాలు మాత్రమే యిచ్చి, పిదప ఇతరాహారముతోకూడ రెండేండ్లును, ఆపైనను పాలియ్యవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. చట్టము విరామమిచ్చినను, బాడీ విప్పుటకు పది నిమిషములు పట్టినచో, పాలు కట్టి పగలంతయు బాధపడినచో, ఆ తల్లి రెండేండ్లు పాలెట్లు ఇచ్చును? పాలు మాన్పించునది ఒక్కొక్కప్పుడు ఉద్యోగము కాదు, సరిపడని గుడ్డ.

కావున మేము ఈ సభవారిని కోరునది మూడు మాటలు. అత్తలారా, తల్లులారా! సీమంతపు పళ్లెములో ఊరు తిరుగు రవికగుడ్డలకు బదులు, ఆ పిల్లనే అంగడికి తీసికొనిపోయి కొలిపించి, పాలిచ్చుటకు తగిన బాడీలు రెండు కొని పెట్టుడు. వాని వెల పట్టుచీర వెలలో చిన్నభాగము మాత్రమే. భర్తలైన సోదరులారా! మందులచీటితోపాటు దీనిని కూడ ఇంటి వ్యయములో వ్రాసికొనుడు, అడిగించుకొనక కొనుడు. పోషకులారా! మీలో వస్త్రవ్యాపారులు పెక్కుమంది కలరు. మీ అంగళ్లలో తొడిగి చూచుకొనుటకు తలుపుగల గదియు, కొలుచుట తెలిసిన స్త్రీ యుద్యోగినియు నుండునట్లు చేయుడు. అమ్మెడువాడు పురుషుడైనచో చూలాలు సంఖ్య చెప్పి సంచి పట్టుకొని పరుగెత్తును, కొలిపించుకొనదు.

ఇప్పుడు మా కోడలు రెండవసారి గర్భవతి. ఈసారి సీమంతమునకు చీర ఒకటి తగ్గించితిమి. మాతో అంగడికి వచ్చి, తనకు కావలసినవి తానే తొడిగి చూచి తెచ్చుకొన్నది. ఆ పొట్లమును మేమే పళ్లెములో పసుపు కుంకుమల ప్రక్కన పెట్టితిమి. ఎవ్వరును నవ్వలేదు. ఇద్దఱు ముగ్గురు మాత్రము నన్ను ప్రక్కకు పిలిచి, ఏ యంగడిలో కొంటిరని మెల్లగ అడిగిరి.