ఇంటి సినిమా, ఊరి వాలీబాలు



రాత్రి భోజనములైన పిమ్మట కుటుంబమంతయు సినిమా చూతమని కూర్చుండుట, గంట గడవక ముందే ఎవరి దారిని వారు లేచిపోవుట, ఇది హైదరాబాదులోను కలదు, నేరేడుచర్లలోను కలదు. నింద మాత్రము ఎల్లప్పుడును చిత్రముమీదనే పడుచుండును. చెడ్డ చిత్రములు లేకపోలేదు. కాని హాలులో చూచి సంతోషించిన చిత్రమునే ఇంట మరల చూచి విసుగుకొనువారిని నేనెరుగుదును.

ఇంటిలో మీట మన చేతిలో నుండును. చిక్కంతయు నక్కడనే యున్నది. కుమారునకు పోరాటములు కావలెను, నాయనమ్మకు పురాణకథ కావలెను. అరగంట వాదించి, తుదకు ఎవరికిని అభ్యంతరము లేనిదియు ఎవరికిని ఇష్టము లేనిదియు నగు నొక చిత్రమును ఎన్నుకొందురు. పాలు పొంగెనని ఒకమారు ఆపుదురు; ఫోను మ్రోగెనని మరియొకమారు. పిల్లలు తమ ఫోనులలో తమకు వలసినది చూచుకొనుచుందురు. ఒకరు లేచిపోయినను బొమ్మ నడచుచునే యుండును.

2020లో కరోనా వ్యాధిచే హాళ్లు మూతపడగా, నాని నటించిన 'వి' అను చిత్రము సెప్టెంబరు 5వ తేదీన హాలు ముఖము చూడకయే తిన్నగా ఇండ్లకు వచ్చినది. హాళ్లు మరల తెరచిరి గాని, ఆ యలవాటు పోలేదు.

ఇక ఆట సంగతి. సినిమాయు వాలీబాలును ఒకే యేటివి. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు పారిస్ నగరమున రుసుము గొని చలనచిత్రములు చూపిరి. ఆ సంవత్సరముననే అమెరికాలోని హోల్యోక్ పట్టణమున వై.ఎం.సి.ఎ. వ్యాయామోపాధ్యాయుడు విలియం మోర్గన్ వాలీబాలును కల్పించెను. ఎవరికొరకనుకొన్నారు? బాస్కెట్‌బాలు ఆడి అలసిపోవు నడివయస్సు వ్యాపారస్థుల కొరకు! కనుక మిర్యాలగూడ బియ్యపు మిల్లులో పగలంతయు పద్దులు వ్రాసిన గుమాస్తా, నాకీ వయస్సున ఆటలేల యనుటకు వీలులేదు.

ఈ యాట నియమములు చూడుడు. వలయొద్ద అడ్డుకొనుట తప్ప, ఒకరే వరుసగా రెండుమారులు బంతిని తాకరాదు. జట్టు మూడు తాకుళ్లలో బంతిని వల దాటింపవలెను. ఎత్తి యిచ్చువాడు లేనిదే కొట్టువాడు లేడు. సర్వీసు ఎదుటివారినుండి తమకు వచ్చినప్పుడెల్ల ఆరుగురును స్థానములు మారవలెను. ఊరి యాటలలో ఈ చివరి నియమమును మరచుట కలదు. అప్పుడు పొడగరి వలను విడువడు, పొట్టివాడు వెనుక బంతికై పరుగెత్తుటయే పని. అది ఆట గాదు, వెట్టి! 8కి 20గా వెనుకబడిన జట్టులో ఒకడు విసిగి యింటికి పోయెనా, ఆట చెడును. కనుక పోడు. తిట్టుకొనుచునైనను నిలుచును, మరునాడు మరల వచ్చును.

సాగరు ఎడమకాలువ నీటితో వరి పండు మా ప్రాంతమున రెండు గుంజలకును ఒక వలకును కరవు లేదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చదును నేల చాలును. ఇండ్ల స్థలములకు ధర పెరిగిన కొలది ఆ నేలయే దుర్లభమగుచున్నది. పురపాలక సంఘము వారు వినవలసిన మాట యిది.

స్త్రీలు వినవలసినది వేరొకటి కలదు. సాయంకాలము పురుషులు ఆటకు పోవుదురు. సగము చూచి విడిచిన సినిమా స్త్రీలకు మిగులును. బడిలో చక్కగా ఆడిన బాలికకు బడి విడిచిన పిమ్మట ఆడుటకు తావు లేదు. బ్యాడ్మింటను క్రీడాకారిణి సింధు తల్లిదండ్రులిరువురును వాలీబాలు ఆడినవారే. తండ్రి రమణ 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారత జట్టులోనివాడు. తల్లి విజయయు ఆ యాటలో పేరుగన్నదే.

పురుషుల యాటకు వల యెత్తు 2 మీటర్ల 43 సెంటీమీటర్లు. స్త్రీల యాటకు 2 మీటర్ల 24. గుంజలు అవియే, వలయు అదియే. రెండు ముళ్లు విప్పి, 19 సెంటీమీటర్లు దించి కట్టిన చాలును.