చూపు నిలుచు ఎత్తు

ప్రసారసాధనములు మన సంఘమును, సంస్కృతిని ఏ విధముగ మలచుచున్నవో చెప్పుమని నన్నాజ్ఞాపించితిరి. యంత్రము వచ్చి మనలను చెఱచినదనియో, ఉద్ధరించినదనియో తీర్పు చెప్పుట నాకిష్టము లేదు. ఆ రెండు తీర్పులును యంత్రమునే కర్తను జేసి మనుష్యుని మఱచుచున్నవి. అది యెవరి చేతనున్నది, ఎదుటివానికి మాఱుపలుకు అవకాశమిచ్చుచున్నదా యనునది తెలిసినగాని సంస్కృతిపై దాని ప్రభావమును నిర్ణయింపజాలమని నా దృఢవిశ్వాసము.

1938 జూన్ 16వ తేదీన మద్రాసులోను, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలోను వెలసిన రేడియో కేంద్రములు మన సంగీతమునకును, నాటకమునకును చేసిన సేవ అపారము. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై ఒక తరము బాలబాలికలకు మాట నేర్పిరి. ఆ ఋణము తీఱునది కాదు. అయినను పలుకు పట్టణమునుండి పుట్టి పల్లెకు చేరెడిది, పల్లె వినెడిది.

ఈ క్రమమునకు పరాకాష్ఠ 1975లో వచ్చినది. ఉపగ్రహముద్వారా పల్లెలకు టెలివిజను చేర్చవలెనని అంతరిక్షశాస్త్రజ్ఞుడు విక్రమ్ సారాభాయి కన్న కల, ఆయన గతించిన నాలుగేండ్లకు రూపుదాల్చి, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ఏడాదిపాటు మనకు ఎరువుగ లభించినది. 1975 ఆగష్టు 1 మొదలు 1976 జులై 31 వఱకు, ఆంధ్రప్రదేశముతో గూడిన ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములు తీగెవలతో అల్లిన గొడుగువంటి యాంటెన్నా నిలుపుకొని, సేద్యమును గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు పాఠములు తమ భాషలలో వినినవి. సినిమాహాలు లేని పల్లెకు పాఠశాల ముంగిట బొమ్మ కదలుట సామాన్యవిషయము కాదు. దానిని నడిపిన శాస్త్రజ్ఞుల దీక్షకు నేను చేతులు జోడింతును. కాని ఆ చూపు దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తునుండి దిగిన చూపు. పల్లెలోని రైతు ఆ పెట్టెలోని వక్తకు, మా నేల అట్టిది కాదయ్యా యని చెప్పదలచిన, ఆ మాట పైకెక్కు దారి లేకుండెను.

పూర్వపు మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున ఆ దారి వేసినవారు చదువురాని స్త్రీలు. జొన్న, కొఱ్ఱ, సజ్జ, కంది పండించు ఆ మెట్టనేలలలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుండి ఊరూరా మహిళాసంఘములను గూర్చెను. వానిలో పెక్కురు దళితస్త్రీలు, కూలిపని చేసి బ్రతికినవారు. వారిలో కొందఱు వీడియో కెమెరా పట్టుట నేర్చిరి. అక్షరము రాకున్నను దృశ్యవ్యాకరణము వారికి సులభముగ పట్టుబడుటయే గాక, దానికి వారే భాష్యము వ్రాసిరనవలెను. పైనుండి క్రిందికి చూచునట్లు తీసిన చిత్రమునకు వారు పెట్టుకొన్న పేరు పటేలు షాట్: ఊరిపెద్ద కూలివానిని చూచు చూపది. క్రిందినుండి మెడయెత్తి చూచు చిత్రమునకు దాస్యమును తెలుపు పేరు పెట్టిరి. ఎదుటి మనిషి కన్నును తన కన్నును ఒక్క యెత్తున నిలిచినది సంఘం షాట్. సంఘము కూడినపుడు అందఱును నేలమీదనే కూర్చుందురు గదా! దృశ్యశాస్త్రమున ఎన్ని గ్రంథములు చదివినను, చూపులో అధికారమెట్లు దాగియుండునో ఇంత స్పష్టముగ నాకు తెలియలేదు. ఆ కెమెరాతోనే వారు వరంగల్లు జిల్లాకు పోయి, 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తిని నమ్మి నష్టపడిన రైతుల చేలగట్లపై నిలిచి, వారి మాటలనే చిత్రముగ కూర్చిరి.

రేడియో విషయమున వారికి నిరీక్షణము తప్పలేదు. వాయుతరంగములు ప్రజల సొత్తని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, సముదాయ రేడియోకు ప్రభుత్వము తలుపు తెఱచినది 2002 చివఱను, అదియు విద్యాసంస్థలకే. స్వచ్ఛందసంస్థలకు 2006లో గాని అర్హత రాలేదు. అంతవఱకు మాచ్‌నూరు గ్రామమున ఆ స్త్రీలు యునెస్కో సాయముతో కట్టుకొన్న స్టూడియోలో క్యాసెట్లు నింపి, సంఘములు కూడినపుడు వానిని వినిపించుకొనిరి. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్‌జ్‌పై సంగం రేడియో పలికినది. పొలముపనులు ముగిసిన రాత్రివేళ ప్రసారము. విత్తనము దాచు విధము, పండుగపాట, బాలింత పథ్యము. భాష జహీరాబాదు తెలుగు, ఉర్దూకన్నడముల పొలుపుతో. అందులో పలికిన స్త్రీని మఱునాడు బావికడ పట్టి, నీవు చెప్పినది మా చేనిలో పనికిరాలేదు చెల్లెలా యని అడుగవచ్చును. జవాబు చెప్పక ఆమెకు తప్పదు.

నేడు ప్రతివాని జేబులో కెమెరా యున్నది. అందువలన సంఘము చూపు అందఱకును వచ్చినదని కొందఱు తలచుచున్నారు. కెమెరా మాత్రము వచ్చినది. దేని తరువాత దేనిని చూపవలెనను నిర్ణయము, మనము ఎంతసేపు చూచితిమో లెక్కించు దూరస్థయంత్రములదైనది. వార్త పంపినవాని మొగమెఱుగము, అతడు మన మొగమెఱుగడు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు వాట్సాప్‌లో వ్యాపించి, దేశమున పలుచోట్ల నిరపరాధులు మూకదాడులలో ప్రాణములు కోల్పోయిరి. అప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తన సిబ్బందిని పల్లెలకు పంపి, పాటలతో, ముఖాముఖి సంభాషణలతో ఆ భయమును పోగొట్టినది. వాట్సాప్ సంస్థవారు సందేశము ఒక్కమాఱు ఐదు చాట్లకే పంపునట్లు హద్దు పెట్టిరి, మంచిదే. కాని పల్లెను నమ్మించినది, ఎదుట నిలిచి, ప్రశ్నకు బదులిచ్చిన మనిషి.

ఇట్టి మనుష్యుల నోటికి మన చట్టము ఇంకను అడ్డు పెట్టుచున్నది. సముదాయ రేడియో ప్రసారశక్తిని సాధారణముగ నూఱు వాట్లకు పరిమితము చేయుట నాకు అర్థమగును. సొంతముగ వార్తలు చెప్పరాదనుట మాత్రము అర్థము కాదు. ఆకాశవాణి వార్తలను యథాతథముగ వినిపింపవచ్చునట, తమ మండలములో ఎరువు నిలువ ఎంతయున్నదో వార్తగ చెప్పరాదట! ఫోనులో మొగమెఱుగని వాని పుకారు స్వేచ్ఛగ తిరుగుచుండ, ఊరందఱెఱిగిన స్త్రీ నోట వార్త పలుకరాదనుట న్యాయమా? ఈ నిబంధనను తొలగింపుడని ఈ వేదికనుండి ప్రభుత్వమును కోరుచున్నాను.

విశ్వవిద్యాలయములకును ఒక విన్నపము. క్యాసెట్టులోని అయస్కాంతపు పూత కాలక్రమమున రాలిపోవును. సంగం రేడియోవారి తొలినాటి ముద్రణలను, మన ఆకాశవాణి కేంద్రములలోని పాత టేపులను ఈ తరమే డిజిటల్ రూపమున భద్రపఱుపవలెను. ఆ పని చేయునపుడు పాడినవారి పేరు, ఊరు, విత్తనము పేరు తెలిసిన ముదుసలులను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వివరములు వ్రాసికొనవలెను.